గాడిద వెనక్కి ఎందుకు నడిచింది

ఆ కంపెనీలో ఆయన్ని ఎదురుగా ‘ప్రెసిడెంట్ గారు’ అనేవారు, చాటున ‘గాడిద సార్’ అనేవారు. రెండో పేరు సంగతి ఆయనకూ తెలుసు. తెలిసి కోపం తెచ్చుకోకపోగా, లోలోపల కాస్త పొంగిపోయేవాడు కూడా. ఎందుకంటే ఆయన అంత పెద్ద కుర్చీలో కూర్చున్నది చదువు వల్ల కాదు, తెలివి వల్ల కాదు, ఆఖరికి కాకా పట్టడం వల్లా కాదు. అచ్చంగా ఒక గాడిద వల్ల.

ఇరవై ఏళ్ళ కిందట ఆ కంపెనీ ఓ చెప్పుల దుకాణం పైన, రెండు గదుల్లో ఉండేది. ఆరుగురు మనుషులు, ఎనిమిది కంప్యూటర్లు, తిరిగినప్పుడల్లా టకటకమనే ఒక ఫ్యాను. వాళ్ళు తయారు చేస్తున్న ఆట చాలా చిన్నది. కుండలు మోస్తున్న గాడిదను కొండ మీదికి చేర్చాలి, కుండ పగలకూడదు, అంతే. గాడిదను నడిపించే పని మన ప్రెసిడెంటుది. అప్పటికి ఆయన ఉత్త ప్రోగ్రామరు. కీబోర్డు ముందు కూర్చోగానే చేతి గడియారం తీసి పక్కన పెట్టేవాడు, దాని ఇనప పట్టీ బల్లకు తగిలి చప్పుడు చేస్తుందని. తర్వాత తల వంచుకుని సాయంత్రం దాకా కొట్టేవాడు.

గాడిద చదునైన నేల మీద బుద్ధిగా నడిచేది. ఎత్తు రాగానే ఏమయ్యేదో ఏమో, టక్కున ఆగేది. మూడుసార్లు తల అడ్డంగా ఆడించేది. ఆ తర్వాత గిర్రున తిరిగి, ఆడేవాడి ముఖంలోకి చూస్తూ, కొండంతా వెనక్కి ఎక్కేది.

ఆ రోజుల్లో అక్కడ ఒకావిడ టెస్టరుగా ఉండేది. ఆట విడుదలకు ముందే ఆడి, అందులో తప్పులు పట్టుకోవడం ఆవిడ ఉద్యోగం. ఆ తప్పుల్ని వాళ్ళు బగ్గులంటారు. పట్టుకున్న ప్రతి బగ్గుకీ ఓ నంబరు వేసి, ఒక పొడుగాటి నోట్‌బుక్కులో గుండ్రటి అక్షరాలతో రాసేది. ‘నంబరు నలభై ఒకటి. ఎత్తు ఎక్కేటప్పుడు గాడిద వెనక్కి నడుస్తోంది. ప్రతిసారీ.’ సరిచేశాక ప్రోగ్రామరు పక్కనే కారణం రాసి సంతకం పెట్టాలి. అది ఆవిడ పెట్టిన రూలు.

ఆయన వారం రోజులు దానితో కుస్తీ పట్టాడు. కాళ్ళు సరిచేస్తే తల తిరగబడేది. తల సరిచేస్తే కుండలు గాల్లో నిలబడిపోయేవి. ఒకసారైతే గాడిద అక్కడే ఉండి కొండ నడిచి వెళ్ళిపోయింది. ఆయన తల ప్రాణం తోకకొచ్చిన ఎనిమిదో రోజున కంపెనీ ఓనరు వచ్చి వెనక నిలబడ్డాడు. ఇదెందుకు ఇలా నడుస్తోందని అడిగాడు. టెస్టరు నోరు తెరవబోయింది. ఆవిడ కన్నా ముందు ఈయన నోరు తెరుచుకుంది. అందులోంచి ఏం రాబోతోందో ఆయనకే తెలియదు.

“పైకెక్కేవాడు ఎక్కణ్ణుంచి బయల్దేరాడో చూసుకుంటూ ఎక్కాలి కదండీ” అన్నాడు.

ఓనరు అట్టపెట్టెలు మోయడంతో జీవితం మొదలుపెట్టినవాడు. పక్కనున్న కుర్చీ లాక్కుని కూలబడి, కళ్ళు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రమే నలభై ఒకటో నంబరు పక్కన మన ప్రోగ్రామరు ‘బగ్ కాదు’ అని రాసి సంతకం పెట్టాడు. టెస్టరు ఆ సంతకం వైపు, ఆయన వైపు చెరో క్షణం చూసి నోట్‌బుక్కు మూసింది.

ఆట విడుదలైంది. జనం వెర్రెత్తిపోయారు. గాడిద ముఖం చొక్కాల మీదికెక్కింది, దిండు గలీబుల మీదికెక్కింది. మరుసటి ఏడు ఆయన్ని ఆలోచనల విభాగానికి పెద్దను చేశారు. ఆ పైన డైరెక్టరయ్యాడు. ఓనరు రిటైరవుతూ ఏకంగా ప్రెసిడెంటును చేసి వెళ్ళాడు. ఒక్కో మెట్టు ఎక్కుతున్నకొద్దీ కీబోర్డు దూరమవుతూ వచ్చింది. పదిహేనేళ్ళుగా ఆయన ఒక్క లైను రాయలేదు. మీటింగుల్లో చెంపకు చెయ్యి ఆనించి వినడం, ‘చూద్దాం’ అనడం, సంతకం పెట్టడం, ఇవే పనులు. చేతి గడియారం తీసి పక్కన పెట్టాల్సిన అవసరమే మళ్ళీ రాలేదు.

ఆయన అన్న ఆ ముక్క మాత్రం కంపెనీ అంతటా పాకింది. లిఫ్టు పక్క గోడ మీద అదే, కాఫీ కప్పుల మీద అదే. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు దాని మీద గంటసేపు క్లాసు. ఎక్కడ ఉపన్యాసమిచ్చినా ఆయన గాడిద కథతోనే మొదలుపెట్టి, మధ్యలో ఓ చోట ఆగి, “అప్పట్లో ఒక టెస్టరు దీన్ని బగ్ అని రాసుకుంది పాపం” అనేవాడు. హాలు గొల్లుమనేది. చాలాసార్లు ఆ టెస్టరు మొదటి వరసలోనే కూర్చుని ఉండేది. ఎందుకంటే ఆవిడ ఆయన భార్య.

పెళ్ళయిన రెండేళ్ళకు ఆవిడ ఆటల కంపెనీ వదిలేసి, లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగంలో చేరింది. అక్కడ తప్పు దొరికితే ఎవరూ దాన్ని తత్వం అనరు, లిఫ్టు ఆపేస్తారు. ఆ పద్ధతి ఆవిడకు బాగా నచ్చింది. వచ్చేటప్పుడు పాత నోట్‌బుక్కును వెంట తెచ్చుకుంది, ఎవరూ అడగలేదు గనుక. అందులో మిగిలిన కాగితాల్లో ఇంటి తప్పులు రాయడం మొదలుపెట్టింది. కంపెనీ తప్పులు ఆరువందల పదిహేడుతో ఆగాయి. ఆరువందల పద్దెనిమిది పెళ్ళినాటిది: ‘పెళ్ళికొడుకు కుడి గుమ్మంలోకి బదులు ఎడమ గుమ్మంలోకి వెళ్ళి, వేరేవాళ్ళ పెళ్ళిలో ఇరవై నిమిషాలు కూర్చున్నాడు.’

అది నిజమే. ఆయనకు చిన్నప్పట్నుంచీ కుడి ఎడమలు తేలవు. వాచీ ఉన్న చెయ్యి ఎడమ అని వాళ్ళక్క నేర్పితే, దాని మీదే ఇన్నేళ్ళూ నెట్టుకొస్తున్నాడు. ఆ పెళ్ళిరోజున వాచీని బావగారు తుడిచిస్తానని తీసుకున్నాడు. ఇప్పటికీ కారు నడిపేటప్పుడు భార్య ‘ఎడమ’ అనదు. “వాచీ వైపు తిప్పు” అంటుంది.

ఇదిలా ఉండగా ఆటకు ఇరవై ఏళ్ళు నిండాయి. దాన్ని సరికొత్తగా, పెద్ద తెరల మీద మెరిసిపోయేలా మళ్ళీ తయారు చేయాలని కంపెనీ తీర్మానించింది. పని ముఖ్య ప్రోగ్రామరుకు అప్పగించారు. ఆవిడను అందరూ ‘కత్తెర’ అంటారు. ఎవరు ఏం రాసి తెచ్చినా అందులో సగం కత్తిరించి గానీ ఊపిరి తీసుకోదని ఆ పేరు. కత్తెర ఒక్క పూటలో గాడిదను వెనక్కి నడిపించేసింది. కానీ పరీక్షగా ఆడటానికి పిలిచిన నలభై మందీ ఇది ఆ గాడిద కాదన్నారు. అందులో ఒక రిటైరైన బస్సు డ్రైవరు ఇంకాస్త వివరంగా చెప్పాడు. ఇది ఎవరో చెబితే వెనక్కి నడుస్తోంది, అది తనకు తోచి నడిచేది అన్నాడు.

కత్తెరకు పట్టుదల పెరిగింది. పాత గాడిదను ఎలా రాశారో చూద్దామంటే, రాసిన కాగితం లేదు, కంప్యూటరు లేదు. చెప్పుల దుకాణం మేడ ఖాళీ చేసినప్పుడు అన్నిటినీ తుక్కుబండికి ఎత్తేశారు. మిగిలిన పాత ఆటను ఆడుకోవచ్చు గానీ, లోపల ఏముందో చదవడం కుదరదు. విప్పి చూద్దామని ఇద్దరు మనుషులు మూడు వారాలు కూర్చుని, తలనొప్పులతో లేచారు. ఇక మిగిలింది రాసిన మనిషి ఒక్కడే.

కత్తెర ప్రెసిడెంటు గదికి వచ్చి, ఒక్కరోజు తన పక్కన కూర్చుని ఎలా రాశారో చెప్పమంది. ఆయన గొంతులో వెలక్కాయ పడింది. చూద్దాం అన్నాడు. పదిహేనేళ్ళుగా ఆ మాట అనగానే మనుషులు లేచి వెళ్ళిపోయేవారు. కత్తెర మాత్రం వెళ్ళలేదు. తన కంప్యూటరు తెచ్చుకుని ఆయన గది గుమ్మం పక్కనే బల్ల వేసుకుంది. ఇరవై ఏళ్ళ వేడుక ఇంకా పది రోజులే ఉంది. అందులో కొత్త గాడిదను చూపించాలి, దాని గురించి ఆయన మాట్లాడాలి.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన కుదురుగా ఒక చోట కూర్చోలేకపోయాడు. వంటింటికీ హాలుకీ మధ్య పచార్లు చేసి చేసి, చివరికి భార్యకు అంతా చెప్పాడు. ఆవిడ నిమ్మళంగా విని, నిజం చెప్పెయ్యమంది.

“నిజం చెబితే నేనెవర్ని? ప్రోగ్రామర్ననుకుందామంటే తప్పు రాశాను. ఆలోచన ఉన్నవాణ్ణనుకుందామంటే అది నోటికొచ్చిన అబద్ధం. ఇక ఆ కుర్చీలో కూర్చున్నదెవరు?”

“అది నువ్వు తేల్చుకో. నన్ను చూపించి నూటపన్నెండు సార్లు జనాన్ని నవ్వించావు. అదీ రాసి పెట్టాను” అంది ఆవిడ.

గొంతు పెంచలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. గ్యాసు పొయ్యి కట్టేసి గదిలోకి వెళ్ళిపోయింది. ఆయన నోట్‌బుక్కు తెరిచి చూశాడు. నిజంగానే ఉన్నాయి, తేదీలతో సహా, ఒక్కోదాని పక్కన హాలు పేరు. ఒక దాని పక్కన ‘బాగా నవ్వారు’ అని కూడా ఉంది. ఆయనకు సిగ్గేసింది. ఇరవై ఏళ్ళుగా ఆవిడ తనతో కలిసి నవ్వుతోందనే అనుకున్నాడు మరి.

మర్నాడు తలుపు వేసుకుని కూర్చున్నాడు. ప్రెసిడెంటు గారు దీర్ఘాలోచనలో ఉన్నారని సెక్రటరీ వచ్చినవాళ్ళందరికీ చెప్పి పంపించింది. నిజానికి మొదటి రోజు పొద్దుటిపూటంతా కంప్యూటరులో కోడు రాసే తెర ఎలా తెరవాలో తెలుసుకోవడానికే సరిపోయింది. చదువుకున్నదంతా పదిహేనేళ్ళలో తుడిచిపెట్టుకుపోయింది. అయినా మొండిగా కూర్చున్నాడు. రెండు రోజుల్లో నాలుగు గాడిదలను తయారు చేశాడు. మూడు వెనక్కి నడిచాయి, కత్తెర గాడిదలాగే ప్రాణం లేకుండా. నాలుగోది కొండ దాటి ఆకాశంలోకి ఎక్కుతూ పోయింది. దాన్ని ఆపలేక కంప్యూటరు తీగ పీకాడు.

మూడోరోజు మధ్యాహ్నానికి ఆయన చేతులెత్తేశాడు. గాడిదను వెనక్కి నడిపించడం తన వల్ల కాదు. నిజం ఎలాగూ బయటపడుతుంది. అయితే కుర్చీ పోయే ముందు ఒక్క పని చేసి పోదామనిపించింది. భార్య ఇరవై ఏళ్ళ కిందట అడిగింది ఏమిటి? గాడిదను ముందుకు నడిపించమని. అదైనా చేసి, బుద్ధిగా ముందుకు నడిచే గాడిదను తీసుకెళ్ళి ఆవిడకు చూపిస్తే, నలభై ఒకటో నంబరు ఈ జన్మలో సరైందనిపించుకుంటుంది.

ఆ ఆలోచన రాగానే ఒంట్లోకి కొత్త బలం వచ్చింది. గడియారం పట్టీ బల్లకు తగిలి టకటకమంటుంటే తీసి పక్కన పెట్టాడు. తల వంచాడు. భోజనం మానేసి నాలుగు గంటలు ఏకబిగిన కొట్టాడు. ఒక్కో లైనూ రెండుసార్లు చదువుకుని, సరిగ్గానే ఉందని నమ్మకం కుదిరాకే తర్వాతది రాశాడు. జీవితంలో అంత నిజాయితీగా ఆయన ఏ పనీ చేసి ఉండడు. అయిపోయాక కత్తెరను లోపలికి పిలిచి, ఆటను మొదలుపెట్టాడు.

గాడిద చదును మీద చక్కగా నడిచింది. కొండ దగ్గరికి వచ్చింది. టక్కున ఆగింది. మూడుసార్లు తల అడ్డంగా ఆడించింది. గిర్రున తిరిగి, ఆయన ముఖంలోకి చూస్తూ, కొండ మీదికి వెనక్కి ఎక్కేసింది.

కత్తెర చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఆయన బల్ల మీద నుదురు ఆనించాడు. అంత కష్టపడినా ముందుకు నడవలేదు, పాడు గాడిద. ఇరవై ఏళ్ళకు అందరూ వెతుకుతున్నది దొరికినందుకు కాదు, తనకిప్పటికీ అది చేతకానందుకు ఆయనకు ఏడుపొచ్చింది.

ఈలోగా కత్తెర ఆయన రాసిందంతా పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివింది. “కుడి, ఎడమ అని రాయాల్సిన చోట్లు ఏడున్నాయి సార్. నాలుగు చోట్ల తారుమారయ్యాయి, మూడు చోట్ల సరిగ్గా ఉన్నాయి. కాళ్ళు ఒక వైపు పోదామంటున్నాయి, తల ఇంకో వైపంటోంది. తేల్చుకోలేక అది తలాడిస్తోంది. కావాలని ఇలా ఎవరూ రాయలేరు సార్” అంది.

ఆయన తల ఎత్తి తన రెండు చేతులనూ చూసుకున్నాడు. రెండూ ఒకేలా ఉన్నాయి. అప్పుడు బల్ల మీదున్న గడియారాన్ని చూశాడు. చెప్పుల దుకాణం మేడ, టకటకమనే ఫ్యాను, ఫ్యాను కింద కీబోర్డు, కీబోర్డు పక్కన తీసి పెట్టిన గడియారం, అన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. ఇన్నేళ్ళ పదవులు, కప్పుల మీది తత్వం, గోడ మీది అక్షరాలు, అన్నిటికీ మూలం వాళ్ళక్క చెప్పిన చిట్కా పనిచేయకపోవడమన్నమాట.

కత్తెర తెలివైనది గనుక ఆయన ముఖం చూడగానే సంగతి గ్రహించేసింది. ఇది తాను ఎవరికీ చెప్పనని, గాడిద దొరికింది కాబట్టి ఇక ఎవరూ ఏమీ అడగరని మెల్లగా చెప్పింది. అదీ నిజమే. ఇప్పుడాయన నోరు మూసుకుంటే చాలు, కుర్చీ పదిలం. ఆయన మూడు రోజులు అదే ఆలోచించాడు. అన్నం తింటూ ఆలోచించాడు, స్నానం చేస్తూ ఆలోచించాడు. తనను కాపాడిన గాడిదనే తలుచుకుని కాసేపు తిట్టాడు కూడా.

వేడుక రోజు పొద్దున్నే హాలు కిక్కిరిసిపోయింది. కంపెనీ వాళ్ళు, పత్రికల వాళ్ళు, చొక్కాల మీద గాడిద బొమ్మలతో ఆట అభిమానులు. ముందు వరసలో పాత ఓనరు చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. పక్కనే భార్య. తెర మీద గాడిద ఆగి, తలాడించి, వెనక్కి ఎక్కగానే హాలు దద్దరిల్లింది. బస్సు డ్రైవరు లేచి నిలబడి, ఇదిగో ఇదీ అది అన్నాడు. తర్వాత ప్రెసిడెంటు మైకు ముందుకొచ్చాడు. కథ ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. ఆ చోటు రానే వచ్చింది.

“అప్పట్లో ఒక టెస్టరు దీన్ని బగ్ అని రాసుకుంది” అన్నాడు. హాలు అలవాటు కొద్దీ నవ్వడం మొదలుపెట్టింది. ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ నవ్వుతోంది, అందరితోపాటు, మర్యాదకు. ఆ నవ్వు కింద ఏముందో ఆయనకు ఇప్పుడు తెలుసు.

“ఆవిడ రాసిందే నిజం” అన్నాడు. “అది బగ్గే. నాకు సరిచేయడం చేతకాక అబద్ధం చెప్పాను. మొన్న మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ చేతకాలేదు. ఇన్నేళ్ళూ ఆవిణ్ణి చూపించి మిమ్మల్ని నవ్వించాను. తప్పు నాది.”

నవ్వులు ఆగిపోయాయి. అయిపోయింది, ఇక ఇంటికి వెళ్ళి లిఫ్టులు తనిఖీ చేయడం నేర్చుకోవాలి అనుకున్నాడు. అంతలో పాత ఓనరు కర్ర ఊతంగా లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఇంత ఎత్తుకెక్కి కూడా వెనక్కి చూసుకుంటున్నాడంటూ కళ్ళు తుడుచుకున్నాడు. హాలంతా లేచింది. ఆయన కంగారుపడి, వినయం కాదండీ, నిజంగానే కుడి ఎడమలు తెలియక రాశాను అన్నాడు. చప్పట్లు రెట్టింపయ్యాయి. వాచీ సంగతి చెప్పాడు. వెనక వరసలో ఇద్దరు వెక్కి వెక్కి ఏడ్చారు. ప్రచార విభాగం పెద్ద ‘తప్పు నాది’ అన్న మాటను కొత్త కప్పుల కోసం రాసుకుంటున్నాడు. కత్తెర ఒక్కతే మోచేతి మడతలో ముఖం దాచుకుని కింద పడేంత నవ్వుతోంది.

చప్పట్లు కొట్టనిది భార్య మాత్రమే. ఆవిడ కదలకుండా కూర్చుని, మొదటిసారిగా ఆయన్ని చూస్తున్నట్టు చూస్తోంది.

మధ్యాహ్నం ఇద్దరూ కారులో ఇంటికి బయల్దేరారు. రెండో కూడలిలో ఆవిడ “వాచీ వైపు తిప్పు” అంది. గడియారం ఆఫీసు బల్ల మీదే ఉండిపోయింది. ఆయన ఖాళీ చేతులు రెండూ ఓసారి చూసుకుని, ధైర్యం చేసి తిప్పాడు. కారు ఓ ఐసు ఫ్యాక్టరీ సందులోకి దూరి, మూసి ఉన్న గేటు ముందు ఆగింది. అటూ ఇటూ గోడలు.

ఆవిడ తిట్టలేదు. సంచిలోంచి నోట్‌బుక్కు తీసి, పసుపు రంగుకు తిరిగిపోయిన ఓ కాగితం తెరిచి, పెన్నుతో సహా ఆయన ఒళ్ళో పెట్టింది. సంతకం పెట్టినవాడే కొట్టేయాలని రూలు గుర్తుచేసింది. ఆయన తన పాత అక్షరాల మీద గీత గీసి, ‘బగ్గే’ అని రాసి, కింద సంతకం పెట్టాడు. ఆవిడ సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ ఊదడం ఆపలేదు.

“సరిచేయనా?” అని అడిగాడు ఆయన.

“వద్దులే. ఇరవై ఏళ్ళుగా అలవాటైపోయింది” అంది ఆవిడ నోట్‌బుక్కు మూస్తూ. “ముందు బండి వెనక్కి పోనీ.”

ఆయన వెనక్కి తిరిగి చూసుకుంటూ, గోడలకు ఎక్కడా తగలకుండా, సందు చివరిదాకా కారును వెనక్కి నడిపాడు. ఆ పని మాత్రం ఆయనకు బాగా వచ్చు.